వాపు తగ్గకూడదన్నారు

సమస్త కృపకు మూలమైన దేవునికి స్తోత్రం. తెల్లవారకముందే మేలుకొని మా ఇరుకు సందులోకి కూడా వెలుగు పంపే ప్రభువుకు మహిమ. ఇచ్చినప్పుడు స్తోత్రం చెప్పాను. తీసుకున్నప్పుడు చెప్పలేకపోయాను. తీసుకున్నదానిలో కొంత మిగిల్చాడని తెలిశాక పళ్లు బిగబట్టుకుని చెప్పాను. ఇప్పుడు పళ్లు బిగబట్టకుండా మళ్లీ చెబుతున్నాను. ఆయన నామానికి స్తోత్రం.

సంఘంలో సాక్ష్యం చెప్పమని నన్ను చాలాసార్లు అడిగారు. లేచి నిలబడి మళ్లీ కూర్చుంటాను. ఆదివారపు బడిలో పిల్లలకు వాక్యం చెప్పేదాన్ని, మాటలు రాక కాదు. సాక్ష్యమంటే చివరికి అంతా బాగైందని చెప్పాలి. నాది అలాంటి సాక్ష్యం కాదు. అందుకే రాస్తున్నాను. పిల్లలున్న తల్లులు చదవాలని, చదివి భయపడాలని రాస్తున్నాను. కొంత భయం మంచిదే.

నా పేరు సుగుణ. మాది బాపట్ల దగ్గర పల్లె. పెళ్లయిన కొత్తలోనే కృష్ణానగర్ వచ్చి ఒక గది అద్దెకు తీసుకున్నాం. మా ఆయన రత్నం సినిమా యూనిట్‌లో లైట్‌మన్. మాకు ఒక్కతే కూతురు, షారోను. అప్పటికి ఒకటో తరగతి. ఒకరోజు మా ఆయనకు క్యారియర్ ఇవ్వడానికి పిల్లను వెంటబెట్టుకుని షూటింగ్‌కి వెళితే, కెమెరామన్ చూసి ఈ పిల్ల కళ్లు బాగున్నాయన్నాడు. అలా ఆమెకు ఒక వేషం వచ్చింది. తాగుబోతు మారుతండ్రి చేతిలో దెబ్బలు తిని మాట పడిపోయిన పిల్ల వేషం. డైలాగులు లేవు, కళ్లతోనే చెయ్యాలి.

షారోను చెప్పినట్టు చేసింది. ఏడవమంటే ఏడ్చేది, ఆపమంటే చెంప మీద నీళ్లు అలాగే ఉంచి ఆపేది. పిల్లల్ని షూటింగులకు కుదిర్చే శీను, “ఏం పోరి అక్కా! గుంజితే అస్తది, ఇడిస్తే పోతది, నల్లా నీళ్ల లెక్క” అని అందరి ముందూ మెచ్చుకునేవాడు. నేను మురిసిపోయేదాన్ని.

మట్టల ఆదివారానికి ముందు గురువారం

పొద్దున లేచేసరికి పిల్ల ఎడమ బుగ్గ ఉబ్బి ఉంది. అంతకు ముందు రెండు మూడు రోజులుగా అన్నం కుడివైపే నములుతోంది. పైదవడలో ఒక పాలపన్ను పుప్పిపట్టి నల్లగా ఉండేది, అది నాకు తెలుసు. పాలపన్నే కదా, ఊడిపోయేదే కదా అనుకున్నాం. మా ఇంటిగలామె బాలమణమ్మ బుగ్గ నొక్కి చూసి, “గవదబిళ్లలు కావు పిల్లా. అవయితే చెవి కింద గదా లేస్తయి. ఇది పంటి వాపు. దావఖానకు తీస్కపో” అంది.

ఆ రోజు షూటింగ్ ఉంది. మానేస్తే యూనిట్ మొత్తం ఆగిపోతుందని మా ఆయన అన్నాడు. జూబ్లీహిల్స్‌లో బండరాళ్ల మీద కట్టిన ఒక బంగళా, షూటింగులకే అద్దెకిస్తారు. అక్కడికి వెళ్లగానే శీను గుండె బాదుకున్నాడు. “ఏందక్కా, పాప మొఖం గిట్ల జేసినవ్?” అని, పిల్లను దర్శకుడి దగ్గరికి తీసుకెళ్లాడు.

దర్శకుడు షారోను గడ్డం కింద వేలు పెట్టి ముఖాన్ని కిటికీ వైపు తిప్పాడు. చాలాసేపు చూశాడు. ఆ సన్నివేశంలో పిల్ల దెబ్బలు తిని ఉండాలి. మేకప్ మనిషి అప్పటికే దూది, జిగురు సిద్ధం చేసుకున్నాడు.

“అవన్నీ తీసెయ్. ఏ మేకప్ అక్కర్లేదు” అన్నాడు దర్శకుడు. “దేవుడిచ్చిన మేకప్ అయ్యా ఇది!”

నిచ్చెన మీద నిలబడి లైటు సరిచేస్తున్న మా ఆయన అలవాటు కొద్దీ పైనుంచి “స్తోత్రం” అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను.

సాయంత్రం యూసుఫ్‌గూడలో ఒక దంత వైద్యురాలికి చూపించాం. చిన్నామె, కళ్లజోడు. పన్ను చూసి, జ్వరం చూసి, కాగితం మీద రాస్తూ మాట్లాడింది. “పంటి కింద చీము పట్టిందమ్మా. ఈ మందు రోజుకు మూడుసార్లు, అయిపోయేదాకా. తగ్గింది కదా అని మధ్యలో ఆపొద్దు. సోమవారం తీసుకురండి, పన్ను తీసేద్దాం. ఈలోగా వాపు కంటి వైపు పాకినా, జ్వరం పెరిగినా, నోరు తెరవలేకపోయినా, చొంగ కారుతున్నా నా కోసం చూడొద్దు. నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లండి. బయటి నుంచి వేడి కాపడం మాత్రం పెట్టకండి.”

ఇంత వివరంగా చెప్పింది. మాకు తెలియక జరిగిందని అనే అవకాశం మాకెవరికీ లేదు.

శనివారం

మందు పనిచేసింది. శుక్రవారమంతా అదే బుగ్గతో షూటింగ్ చేసిన పిల్లకు శనివారం పొద్దునకి వాపు సగం దిగింది. ఇడ్లీ అడిగి తింది. నేను మోకాళ్లూని స్తుతించాను.

మధ్యాహ్నం శీను వచ్చాడు. మా సందులో సెల్‌ఫోన్ అలాంటివాళ్ల నడుముకే వేలాడేది. గుమ్మంలోనే ఆగి షారోనును చూసి తల పట్టుకున్నాడు.

“కొంప ముంచినవ్ గదక్కా!”

“ఏమైంది శీనూ?”

“బుగ్గ ఏది?” జేబులోంచి ఒక ఫోటో తీశాడు. గురువారం సెట్లో తీసింది. షాటుకీ షాటుకీ తేడా రాకుండా చూసుకోవడానికి అలా ఫోటోలు తీసి పెట్టుకుంటారు. దాన్ని పిల్ల చెంప పక్కన పట్టి చూపించాడు. “చూడు. రొండు దినాలు గీ బుగ్గతోని తీసినం. సోమవారం, మంగళవారం గదే సీన్ ఉంది. తలుపు తీస్తే ఉబ్బిన బుగ్గ, లోపటికొస్తే మామూలు బుగ్గ. జనం నవ్వరా?”

“మేకప్‌తో పెట్టుకోండి.”

“పెట్టి చూసిన్రు అక్కా, ఇంకో పోరికి. అసలు బుగ్గ ఫోటో పక్కన నకిలీ తెలిసిపోతాంది. డైరెక్టర్ ఒప్పుకోడు.” తర్వాత మా ఆయన వైపు తిరిగి గొంతు తగ్గించాడు. “అన్నా, మూడు దినాలు. మందు బంద్ పెట్టు. మంగళవారం పొద్దుమీకి ప్యాకప్ అయినంక బుడ్డి మొత్తం తాపుకో, నేనే కొనిస్తా. నొప్పికి గోలీ ఎయ్యి. జర ఉప్పు కాపడం పెట్టు, నొప్పి పోతది, వాపుంటది.”

శీను వెళ్లిపోయాక మా ఆయన మందు సీసా తీసి తన సంచిలో పెట్టుకున్నాడు.

“ఏవండీ, డాక్టరమ్మ ఆపొద్దంది.”

“మూడ్రోజులే. కెమెరామన్ గారికి మాటిచ్చాను. ఆయన కదా నన్ను యూనిట్లో పెట్టింది.”

“పిల్లకేమన్నా అయితే?”

“ఏమవుద్ది? తగ్గింది కదా, నువ్వే స్తోత్రం చేశావుగా. దేవుడు తగ్గించాడా, సీసా తగ్గించిందా?”

ఈ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. ఆదివారపు బడిలో పిల్లలు ఇలాంటివి అడిగితే, మందునిచ్చేదీ దేవుడేనని సులువుగా చెబుతాను. ఆయన కళ్లలోకి చూసి చెప్పలేకపోయాను. మా సంఘం పాస్టరు అయ్యగారి భార్య దగ్గరికి వెళ్లి చెప్పుకున్నాను. మేం ఆమెను అమ్మగారంటాం. ఆమె బియ్యం ఏరుతూ విన్నది.

“ఇంటికి శిరస్సు ఎవరు సుగుణా?”

“ఆయనే అమ్మగారూ.”

“మరి? శిరస్సు ఒకటి చెబితే చెయ్యి ఇంకోటి చేస్తే ఆ ఇంటికి దీవెన ఉంటుందా? నువ్వు నోరు మూసుకుని ప్రార్థన చేసుకో. రేపు పిల్ల మీద చేతులుంచి ప్రార్థిద్దాం.”

మట్టల ఆదివారం

పిల్లలందరూ ఈత మట్టలు పట్టుకుని హోసన్నా పాడుతూ యూసుఫ్‌గూడ బస్తీ చుట్టూ తిరిగారు. షారోను తన మట్టను ముఖానికి అడ్డం పెట్టుకుని నడిచింది. పెద్దలు చేతులుంచి ప్రార్థించారు. సాయంత్రానికి బుగ్గ మళ్లీ గట్టిపడింది. ముట్టుకుంటే కాలుతోంది. మా ఆయన దగ్గర కూర్చుని ఉప్పు వేయించి మూటగట్టి కాపడం పెట్టాడు. ప్రేమగానే పెట్టాడు. అది రాయకపోతే అబద్ధమవుతుంది. ఉఫ్ ఉఫ్ అని ఊదుతూ, చెయ్యి కాల్చుకుంటూ పెట్టాడు.

సోమవారం, మంగళవారం

“నువ్వు రావద్దు. నీ మొహం చూస్తే పిల్ల గారం పోతుంది” అని సోమవారం మా ఆయనే షారోనును తీసుకెళ్లాడు. సాయంత్రం భుజాన వేసుకుని తెచ్చాడు. ఒళ్లు మసిలిపోతోంది. పిల్ల ఏడవలేదు. అన్నం వద్దని తల ఊపి పడుకుంది. మందిమ్మని కాళ్లు పట్టుకున్నాను. సీసా యూనిట్ వ్యాన్‌లో ఉండిపోయిందన్నాడు. మంగళవారం నేను నీళ్ల కోసం బిందె పట్టుకుని కిందికి వెళ్లి వచ్చేసరికి ఇద్దరూ లేరు.

బాలమణమ్మ మెట్ల మీద నిలబడి ఉంది. “పోరి కన్ను సగం మూస్కపోయింది. గట్లనే ఎత్తుకపోయిండు. నీ మొగనికి సోయి లేకుంటే నీకన్న ఉండొద్దా? ఏం చూస్తున్నవ్, ఉరుకు!”

ముందు యూసుఫ్‌గూడకు పరుగెత్తాను. డాక్టరమ్మకు కన్ను మూసుకుపోతోందని ఒక్క ముక్క చెప్పానో లేదో, ఆమె కుర్చీలోంచి లేచింది. “ఇక్కడికెందుకొచ్చారు? వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. కన్ను పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. వెళ్లండి!”

ఆటోలో జూబ్లీహిల్స్ ఎక్కాను. బంగళా గేటు వేసి ఉంది. కాపలాదారు చెయ్యి అడ్డం పెట్టాడు.

“షాట్ నడుస్తాంది తల్లీ. జర ఆగు.”

“నా పిల్ల లోపలుందయ్యా.”

“అందరి పిల్లలూ లోపల్నే ఉన్నరు. సప్పుడు జెయ్యకు, నా నౌకరి పోతది.”

లోపలి నుంచి “సైలెన్స్!” అని కేక వినిపించింది. నేను నోరు మూసుకున్నాను. ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు అరిస్తే, కడుపున పుట్టిన పిల్ల చావుబతుకుల్లో ఉందని తెలిసి కూడా, నేను గేటు పట్టుకుని నిశ్శబ్దంగా నిలబడ్డాను. అలా నిలబడడం నాకు ఎవరు నేర్పారని తర్వాత చాలా ఆలోచించాను. ఇంట్లో నేర్పారు, సంఘంలోనూ నేర్పారు. దేవుడు మాత్రం నేర్పలేదు. వాక్యంలో బిడ్డ కోసం కేకలు వేసిన తల్లిని పంపేయమని శిష్యులు అన్నారు, ప్రభువు పంపలేదు. అది నేను ఆదివారపు బడిలో ఏటేటా చెప్పే కథే.

అప్పుడు గేటు తోసుకుని లోపలికి వెళ్లాను.

హాల్లో లైట్ల వేడికి గాలి మండుతోంది. గోడ మూలన చిరిగిన గౌనులో నా కూతురు కూర్చుని ఉంది. ఎడమ కన్ను కనిపించడం లేదు. కన్నుండాల్సిన చోట ఎర్రగా, నున్నగా మెరుస్తున్న వాపు. పెదవి చివర నుంచి చొంగ తీగలాగా వేలాడుతోంది. కెమెరా ఆమె ముఖానికి జానెడు దూరంలో ఉంది. వెనక ఎవరో ఆడమనిషి పైటతో కళ్లొత్తుకుంటోంది. ఏం నటన అనుకుంది కాబోలు.

నేను కెమెరా ముందు నుంచి నడిచి వెళ్లి పిల్లను ఎత్తుకున్నాను.

“కట్! కట్! ఎవరామె?”

నిచ్చెన పైనుంచి మా ఆయన, “సుగుణా, ఒక్క నిమిషం! చివరి షాటే!” అని అరిచాడు. ఆయన చేతిలో పెద్ద లైటుంది. వదిలితే కింద జనం మీద పడుతుంది. వదలలేదు. పిల్ల నా మెడ మీద కాలుతున్న ముఖం ఆనించి ఏదో అంది. పళ్లు విడిపడక మాట ముద్దముద్దగా వచ్చింది. రెండోసారి అడిగితే అర్థమైంది. “అమ్మా, ఇంకా అవలేదు” అంటోంది.

పెద్దాసుపత్రి

ఆ రోజు నన్ను ఎవరూ తిట్టలేదు. క్యాజువాలిటీలో వైద్యులు పిల్లను చూసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అది తిట్టుకన్నా ఎక్కువ. నర్సు కత్తెర తీసుకుని గౌనును మెడ నుంచి కింది దాకా సర్రున కోసేసింది. పెద్ద డాక్టరు, నడివయసు ఆమె, నన్ను గోడ పక్కకు తీసుకెళ్లింది.

“ఎన్ని రోజులుగా ఉంది వాపు?”

చెప్పాను.

“యాంటీబయాటిక్ వాడలేదా?”

“వాడాం. తగ్గింది. తర్వాత ఆపేశాం.”

“ఎందుకు?”

సినిమాలో వాపు ఉండాలని ఆపేశామని చెప్పాను. ఆమెకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను. ఆమె నా ముఖంలోకి చూసి, చేతిలో కలాన్ని మెల్లగా మూసి, జేబులో పెట్టుకుంది. “చీము కంటి వెనక్కి చేరింది. అక్కడి నుంచి మెదడు దూరం కాదు. ఆపరేషన్ చేసి పన్ను తీసి, చీము బయటికి వదలాలి. ముందు ప్రాణం సంగతి చూద్దాం. కన్ను సంగతి తర్వాత” అంది.

ఆపరేషన్ గది బయట ఒక పొడుగాటి బల్ల. దాని మీద నాలాంటి వాళ్లు వరసగా కూర్చున్నారు. ఎవరూ ఎవరినీ ఏమైందని అడగడం లేదు. నేను ప్రార్థించబోయాను. చదివిన కీర్తనల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. “అయ్యా, అయ్యా” అనుకుంటూ కూర్చున్నాను.

సాయంత్రం మా ఆయన వచ్చాడు. ప్యాకప్ అయ్యాకే వచ్చాడు. మందు సీసా చేత్తో పట్టుకుని వచ్చాడు. నా ముందు నిలబడి దాన్ని నాకివ్వబోయాడు. బల్ల మీద కొంచెం జరిగాను. ఆయన కూర్చున్నాడు.

మర్నాడు శీను వచ్చాడు. అరటిపళ్లు తెచ్చాడు. కాసేపు కుశలం అడిగి, నసిగి, అసలు సంగతికి వచ్చాడు.

“అక్కా, పాప గౌను ఏడుంది?”

“ఏ గౌను?”

“ఏస్కొని వచ్చింది గదా. ఇంకో పోరిని పెట్టి ఎనక నుంచి తీసేస్తరంట ఆఖరి షాట్. గౌను గదే కావాలె.”

“నర్సు కత్తెరతో కోసేసింది శీనూ.”

“కోసిన్రా? కంటిన్యుటీ గౌనక్కా అది!” అని, గాజు తలుపు వెనక గొట్టాల మధ్య పడుకున్న నా కూతురి వైపు ఒక్కసారి, చెత్తబుట్ట వైపు ఒక్కసారి చూశాడు. “కుట్టిస్తే నడుస్తదేమో” అన్నాడు.

మా ఆయన లేచాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. నర్సునడిగి ఆ గుడ్డముక్కలు తెచ్చి శీను చేతిలో పెట్టాడు. ఆ రోజు నుంచి ఇంటికెళ్లేదాకా మా ఆయన నాతో మాట్లాడలేదు, నేను ఆయనతో మాట్లాడలేదు.

శుభ శుక్రవారం, పునరుత్థాన పండుగ

సంఘం వాళ్లు శుక్రవారం ఆరాధన ముగించుకుని తెల్లబట్టలతో వచ్చారు. అమ్మగారు నా తల నిమిరి, “ఇంట్లో ఒప్పుకోని పాపమేదన్నా ఉందేమో చూసుకో సుగుణా. కారణం లేకుండా ప్రభువు పిల్లను ముట్టడు” అంది. ఇంకొకామె, “సినిమా వాళ్ల మధ్య పెంచితే ఇంతే” అంది. నోరు మూసుకుని లోబడి ఉండమన్న మాట అమ్మగారికి గుర్తు లేదు. గుర్తు చేసే ఓపిక నాకూ లేదు. బైబిల్లో పుండ్లతో బూడిదలో కూర్చున్న భక్తుడి దగ్గరికి వచ్చిన స్నేహితులు మాట్లాడక ఊరికే కూర్చున్నంతకాలం మంచివాళ్లే. నోరు తెరిచాకే చెడ్డారు.

అందరూ వెళ్లాక మా అయ్యగారు ఒక్కరే ఉండిపోయారు. ముసలాయన. బైబిలు తియ్యలేదు. నా పక్కన నేల మీద కూర్చున్నారు. బాలమణమ్మ పంపిన గంజి గిన్నె ఖాళీ అయితే కుళాయి దగ్గరికి తీసుకెళ్లి, వేళ్లతో తోమి కడిగి తెచ్చి, బోర్లించి పెట్టారు. ఆ వారం మొత్తంలో నాకు చేరిన ప్రసంగం అదొక్కటే.

పండుగ తెల్లవారుజామున ఆసుపత్రి వీధిలో ఎవరో “లేచాడు” అని పాడుకుంటూ వెళ్లారు. షారోను లేవలేదు. జ్వరం మాత్రం దిగింది. మధ్యాహ్నానికి నీళ్లు మింగింది. పెద్ద డాక్టరు వచ్చి గొట్టంలో చీము చూసి, తగ్గుతోంది, బతుకుతుందని చెప్పింది. ఎడమ రెప్పను వేళ్లతో ఎత్తి చిన్న లైటు వేసి చూసింది. కంటి సంగతి మాత్రం చెప్పలేదు.

వేసవి

వాపు తగ్గింది. కంటి కింద చిన్న గాటు మిగిలింది. రెప్ప కొంచెం వాలి ఉంటుంది, అంతే. బయటి నుంచి చూస్తే కన్ను కన్నులాగే ఉంది. నేను నమ్మకం పెట్టుకున్నాను. ఇంట్లో అడిగితే షారోను అన్నీ కనిపిస్తున్నాయనేది.

కంటి డాక్టరు పిల్లను స్టూలు మీద కూర్చోబెట్టి, కుడి కన్ను అరచేత్తో మూసి, వేళ్లు చూపించాడు. “ఎన్ని?”

“మూడు.”

సరిగ్గా చెప్పింది.

“ఇప్పుడు?”

“రెండు.” అదీ సరే. మా ఆయన గోడకు ఆనుకుని మొహం కప్పుకున్నాడు.

డాక్టరు పిల్ల తలను కాసేపు చూశాడు. కొంచెం పక్కకు వంచి, ఆయన వేళ్ల సందు లోంచి కుడి కంటితో చూస్తోంది. ఆయన దూది పెట్టి, ప్లాస్టర్ వేసి కుడి కన్ను పూర్తిగా మూశాడు. “ఇప్పుడు చెప్పమ్మా, ఎన్ని?”

షారోను నవ్వుముఖం పెట్టింది. వెన్ను నిటారు చేసింది. “మూడు!” అంది హుషారుగా.

డాక్టరు చెయ్యి ఆయన జేబులో ఉంది.

ఎవరూ మాట్లాడకపోయేసరికి పిల్లకు అనుమానం వచ్చింది. ఏమీ కనిపించని కంటిని మా అందరి వైపూ తిప్పుతూ, “తప్పా సార్? మళ్లీ చేస్తాను” అంది.

వెలుతురుందా చీకటుందా అన్నది మాత్రం ఆ కంటికి తెలుస్తుందన్నారు. అంతకుమించి రాదన్నారు.

ఇప్పుడు

మా ఆయన ఇంకా లైట్లే మోస్తున్నాడు. ఆయనకు చేతనైన పని అదే. ఆయన్ను క్షమించమని అయ్యగారు చెప్పారు. క్షమించానని సంఘం ముందు నోటితో అన్నాను. మనసు ఇంకా దారిలో ఉంది. బయల్దేరింది, చేరలేదు. ఆయన అది తెలిసి కూడా నన్ను తొందరపెట్టడు. అందుకు నేను కృతజ్ఞురాలిని.

ఈ మధ్య ఒక సంగతి జరిగింది. రాయడానికి అదే నన్ను కూర్చోబెట్టింది. షారోను ఇప్పుడు మూడో తరగతి. వారంగా అన్నం మెత్తగా పిసికి మింగుతోంది. బుగ్గ చూశాను, వాపు లేదు. నోరు తెరవమంటే తెరవనంది. బలవంతంగా చూస్తే కింది దవడలో ఇంకో పన్ను గుంట పడి ఉంది.

“ఎప్పటి నుంచే నొప్పి?”

“లేదమ్మా.”

“షారోనూ.”

“చాలా రోజుల్నించి” అంది.

“మరి ఎందుకు చెప్పలేదు?”

“చెబితే నాన్న ఏడుస్తాడు. నువ్వు నాన్నతో మాట్లాడవు. నేను ఓర్చుకుంటున్నాగా.”

అదే రోజు యూసుఫ్‌గూడ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం, ముగ్గురమూ. చీము పట్టకముందే చూపించాం కాబట్టి పన్ను బాగుచేసి పంపింది. సూది వేస్తున్నప్పుడు కూడా పిల్ల ఉలకలేదు. “ఎంత మంచి పిల్లో, కిక్కురుమనలేదు” అంది పక్కన ఉన్న ఆయా. నాకు ఆ మాట కత్తిలా దిగింది.

తల్లులారా, మీ పిల్లల బుగ్గ ఒకవైపే ఉబ్బితే పాలపన్నని తీసిపారెయ్యకండి. కాపడాలు పెట్టకండి. డాక్టరిచ్చిన మందు తగ్గినా ఆపకండి. ఎవరు చెప్పినా ఆపకండి, భర్త చెప్పినా, సంఘం చెప్పినా. కంటివైపు పాకితే, నోరు తెరుచుకోకపోతే, మింగలేకపోతే ఎవరి అనుమతి కోసమూ గేటు దగ్గర నిలబడకండి.

ఇక నాతో కూడా మోకాళ్లూనండి. కన్ను తిరిగి ఇమ్మని అడగడం మానేశాను. ఆయనకిష్టమైతే ఇస్తాడు. నేనడిగేది వేరు. చదువుతున్న మీరు కూడా ఇదే మాట అడగండి. నేను ఒక్కదాన్నే అడిగితే చాలడం లేదు.

ప్రభువా, మా షారోనుకు ఏడుపునివ్వు. చిన్న దెబ్బకు పెద్దగా ఏడ్చే గొంతునివ్వు. మమ్మల్ని నిద్రపోనివ్వని ఏడుపు, వీధంతా వినిపించే ఏడుపు. ఈ పిల్ల చెడ్డ పిల్ల, మాట వినదని నలుగురూ అనేలా చెయ్యి తండ్రీ. ఆమెన్.